నాలుగు వందల పన్నెండు ఇష్యూలు

శనివారం పదిన్నరకే చర్చి హాలు ముందు వరస పార్కింగ్ లాట్ మలుపు తిరిగింది. వీపున బ్యాగులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతుల్లో మడతపెట్టిన ఖాళీ సంచులు. ఏడాది క్రితం ఈ వరసలో సగం మంది ముసలివాళ్లు ఉండేవారు. ఇప్పుడు నూటికి ఎనభై మంది కాలేజీ పిల్లలే. కృపాబాయి తలుపు దగ్గర నిలబడి ఒకసారి తలలు లెక్కపెట్టి, లోపలికొచ్చి, నలభై పౌండ్ల బియ్యం సంచి కుట్టుని ఒక్క లాగుతో విప్పింది. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా కొనుగోళ్లు చూస్తున్న మనిషి. సరుకెంత, మనుషులెంత, మధ్యాహ్నానికి ఏది తక్కువ పడుతుంది అన్నది ఆవిడకి చూపుతోనే తెలిసిపోతుంది.

"రెండు కిలోలు వద్దు, కిలోన్నర కట్టండి," అంది పొట్లాలు కట్టేవాళ్లతో. "చివర్లో వచ్చినోళ్లు ఖాళీ చేతుల్తో పోకూడదు."

పక్క బల్ల దగ్గర ధరణి లాప్‌టాప్ ముందు నిలబడి పని చేస్తోంది. కుర్చీ ఉన్నా కూర్చోదు. ఒక చేతిలో స్కానర్, ఇంకో చెయ్యి కీబోర్డు మీద. రెండేళ్ల కోర్సు ఏప్రిల్లో పూర్తిచేసింది. మొదట్లో ఇదే వరసలో సంచి పట్టుకుని నిలబడ్డ పిల్ల, మూడో వారానికల్లా బల్లకి ఇవతలివైపుకి వచ్చేసింది.

"ఆంటీ, గాదె మళ్లీ రెండుసార్లు లెక్కేసింది. సంచి విప్పాం అని చెప్పా. అయినా సంచీ ఉందంటోంది, పొట్లాలూ ఉన్నాయంటోంది."

గాదె అంటే ఇలాంటి ఉచిత సరుకుల కేంద్రాల్లో నిల్వలు చూసుకునే సాఫ్ట్‌వేర్. మార్కమ్‌లో ఉండే ఆంజనేయప్రసాద్ సెలవు రోజుల్లో కూర్చుని మొదలుపెట్టాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, కోడ్ తెలిసినవాళ్లు విప్పి బాగుచేయవచ్చు. ఇప్పుడు ఓక్‌విల్ నుంచి ఎక్కడో దూరాన ఉన్న సస్కటూన్ దాకా అరవై చోట్ల వాడుతున్నారు, పాతికమంది దాకా కోడ్ రాస్తున్నారు. ఎక్కడ ఏది చెడినా ఆ సంగతిని ఇష్యూగా రాసిపెట్టాలి. అది చూసి కోడ్ రాసేవాళ్లు సరిచేస్తారు. అయితే సరుకులు పంచే చేతులకి రాసే తీరిక ఎక్కడిది? ఫోన్‌తో ఫొటో తీసి ధరణికి వాట్సాప్‌లో పడేస్తారు. ధరణి దాన్ని విడమరిచి రాస్తుంది.

"మొన్న రాశావుగా?"

"అది వేరే ఆంటీ. ఇది ఇంకో దారిలో వస్తోంది. ఉండండి, ఇంకో సంచి మీద చూసి రాస్తా."

రెండో సంచి మీద చూసింది, మూడో దాని మీద చూసింది. అప్పుడు రాసింది. కృపాబాయి భుజం మీదుగా తొంగి చూసింది. మొదటి వాక్యం ఎప్పటిలాగే, ఆంజనేయప్రసాద్ గారి సూచన మేరకు అని. మిగతాదంతా ఇంగ్లీషులో రాసినా ఆ 'గారు' మాత్రం వదలదు. ఆ తర్వాత ఏం నొక్కితే ఏమైంది, నిజానికి ఏం కావాలి, ఎన్ని సంచుల మీద చూసింది, ఆఖర్న తన పేరు. పొల్లుమాట లేదు. కొనుగోళ్ల మనిషిగా కృపాబాయికి అలాంటి రాతంటే ఇష్టం. సరుకు నాసిరకం అని రాసేవాళ్లు వెయ్యిమంది దొరుకుతారు. ఎక్కడ, ఎంత, ఎందుకు అని రాసేవాళ్లు పదిమంది దొరకరు. ఆ మాట ధరణితో చాలాసార్లు అంది కూడా.

మధ్యాహ్నం రెండింటికి, హాలు ఖాళీ అయ్యాక, అదే లాప్‌టాప్‌లో మీటింగ్. ఇష్యూలు రాసుకునే పాత చోటు నెలాఖరుకి మూతపడుతోంది. కొత్తది ఎంచుకోవడానికి ముగ్గురిని కమిటీగా వేశారు. గాదె మొదలుపెట్టిన ఆంజనేయప్రసాద్, కోడ్ రాసేవాళ్ల తరఫున గ్లోరియా, వాడేవాళ్ల తరఫున కృపాబాయి. గ్లోరియా కృపాబాయి కూతురే.

"ఇంట్లోనే రెండు ఓట్లు పెట్టుకున్నారు, ఇంక మాకేం మిగిల్చారండీ," అన్నాడు ఆంజనేయప్రసాద్ తెర మీదికి వస్తూనే.

"మా ఇంట్లో కూర ఏం వండాలన్నదాని మీదే రెండు ఓట్లు ఒకటి కావు ప్రసాద్ గారూ. మీరు నిశ్చింతగా ఉండండి."

మీటింగ్‌లో ఉన్న పాతికమందీ నవ్వారు. బేరంలో ఉన్న సరుకులు రెండు. ఒకటి ఆంజనేయప్రసాద్ తన సొంత సర్వర్ మీద పెడతానన్నది. అంతా మన చేతిలో ఉంటుంది, ఎవరూ మూసేయలేరు, కానీ రాయదలచిన ప్రతి మనిషీ పేరు నమోదు చేసుకుని పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. రెండోది గ్లోరియా చూపిస్తున్నది. దానికి మామూలు ఈమెయిల్ పంపితే చాలు, ఫొటోతో సహా ఇష్యూ అయి కూర్చుంటుంది. కృపాబాయి మనసు రెండోదాని మీదే ఉంది. అరవై చోట్ల సరుకులు పంచేవాళ్లకి పాస్‌వర్డులు ఇస్తే, రెండు నెలల్లో అరవై చోట్లా ఫిర్యాదులు ఆగిపోతాయి. సరుకు బాగుండి కాదు, చెప్పే ఓపిక లేక.

గ్లోరియా స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పాత ఇష్యూలన్నిటినీ రెండోదానిలోకి ప్రయోగంగా ఎక్కించింది. ఎవరు ఎన్ని రాశారో వరసగా పేర్లు కనిపించాయి. అన్నిటికన్నా పైన: ఆంజనేయప్రసాద్, నాలుగు వందల పన్నెండు.

చప్పట్ల బొమ్మలు తెర మీద టపటపా పైకి లేచాయి. "సార్, మీరు నిద్రపోతారా అసలు?" అన్నారెవరో. ఆంజనేయప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఏదోలెండి, మనకు చేతనైనంత," అన్నాడు.

ధరణి ముందుకి వంగి ఆ జాబితాని కిందికి జరిపింది. ఇంకా కిందికి. ఆఖరి పేరు దాకా జరిపి, ఒక్కక్షణం అక్కడే ఆపి, మళ్లీ పైకి తీసుకొచ్చి ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసింది.

"కార్టన్లు బయట పడేసి రానా ఆంటీ," అంది. సమాధానం కోసం ఆగలేదు.

కృపాబాయి మీటింగ్ వదిలి వెనక తలుపులోంచి వెళ్లి చూసేసరికి ఆ పిల్ల అట్టపెట్టెల్ని ఒక్కొక్కటే కాలికింద వేసి చదును చేస్తోంది. చదునైనదాన్ని కూడా మళ్లీ తొక్కుతోంది.

"గురువారం ఇంటర్‌వ్యూ అన్నావు కదూ," అంది కృపాబాయి.

"అవునాంటీ. సస్కటూన్ కంపెనీ. పొలాల మెషీన్లకి సాఫ్ట్‌వేర్ చేస్తారు. పబ్లిక్‌గా ఏం పని చేశానో లింక్ పంపమన్నారు. పాతదాంట్లో అందరిదీ ఒకటే లాగిన్ కదా, పేర్లుండవు. కొత్తదాంట్లో వస్తాయి, అది పంపిద్దామనుకున్నా." అట్టముక్క అంచు చేత్తో సాపు చేసింది. "పర్లేదు. రెజ్యూమేలో వాలంటీర్ అని రాసుకుంటా."

"ఎన్ని ఉద్యోగాలకి అప్లై చేశావు?"

"రెండొందల ముప్పై. పిలిచింది ఇదొక్కటే."

*

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా కృపాబాయి కూతురు గది తలుపు తట్టింది.

"ఆ నాలుగు వందల పన్నెండూ ప్రసాద్ గారివి ఎలా అయ్యాయే?"

గ్లోరియా హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తొలగించింది. "మామ్, స్క్రిప్ట్ డజన్ట్ నో. పాత లాగిన్ అందరికీ ఒకటే కదా. సో ఇట్ టేక్స్ ద ఫస్ట్ నేమ్ ఇట్ ఫైండ్స్. ప్రతి ఇష్యూలో మొదటి పేరు అంకుల్‌దే."

"అది మర్యాదకి రాసిన మాట."

"ఐ నో. బట్ ఎందుకలా రాస్తుంది? వై వుడ్ ఎనీవన్ డూ దట్?"

కృపాబాయి మంచం అంచున కూర్చుంది. ఎందుకలా రాసిందో ఆవిడకి బాగా తెలుసు. ధరణి మొదటిసారి రాసిన మూడు ఇష్యూలు వారం రోజులు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్నాయి. కొత్త పిల్ల, తెలియని పేరు, ఎవరు చూస్తారు? అప్పుడు చర్చి హాలు బల్ల దగ్గరే కృపాబాయి చెప్పింది. పైన ప్రసాద్ గారి పేరు పెట్టు, పెద్దాయన చెప్పాడంటే గంటలో కదులుతారు అని. కదిలారు. గంటలో కాదు, పావుగంటలో. తన తెలివికి తానే మెచ్చుకుంది ఆ రోజు. ఇంటి దగ్గర ఏ ఆఫీసులో దరఖాస్తు కదలాలన్నా ఎవరో పెద్దమనిషి పేరు పైన ఉండాలి కదా, ఇదీ అంతేననుకుంది. ఆ అలవాటు తీరా ఇక్కడికొచ్చి ఆడపిల్ల నోటిదగ్గర కూడు తీసేస్తుందని లెక్కలో వేసుకోలేదు.

"మళ్లీ ఎక్కించి పేర్లు మార్చలేవా?"

"చేయొచ్చు. వన్ అవర్ పని. బట్ ఒకరి పేరు మీదున్నది తీయాలంటే హీ హాజ్ టు అగ్రీ ఇన్ రైటింగ్. రూల్ అది. మీ కమిటీయే పెట్టింది, మామ్."

"పెట్టాం," అంది కృపాబాయి. పెట్టమని చెప్పింది కూడా తనే.

సోమవారం లంచ్ బ్రేక్‌లో కారులో కూర్చుని ధరణికి ఫోన్ చేసింది. బాక్సులో పులిహోర అలాగే ఉంది.

"నువ్వే అడుగు ప్రసాద్ గారిని. నీ హక్కు అది."

ఏదో కాఫీ షాపులో షిఫ్టులో ఉన్నట్టుంది, గ్లాసుల చప్పుడు.

"అంకుల్ నాకు రిఫరెన్స్ లెటర్ ఇస్తానన్నారు ఆంటీ. బుధవారం ఇస్తానన్నారు. ఇప్పుడెళ్లి ఆ పేరు మీది కాదు, నాది అంటే ఏమనుకుంటారు? లెటర్ ఉంటే పేరు లేకపోయినా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. రెండూ పోతే?"

కృపాబాయి పులిహోర బాక్సుకి మూత పెట్టేసింది. ఆ పిల్ల వేసిన లెక్కలో తప్పు లేదు. తనైనా అలాగే వేసేది.

"ఆయన మంచివారేగా?" అంది చివరికి.

"మంచివారే ఆంటీ. అందుకే ఇంకా కష్టం."

*

మంగళవారం ఆఫీసు అవగానే కృపాబాయి మార్కమ్ బయల్దేరింది. టోల్ పడుతుందని ఎన్నడూ ఎక్కని 407 హైవే ఎక్కింది. తలలో సరుకంతా బల్ల మీద పరిచినట్టు పరుచుకుంది. ఆయనకి కావలసింది తన దగ్గరుంది, ఓటు. తనకి కావలసింది ఆయన దగ్గరుంది, రాతపూర్వకంగా ఒక్క మాట. ఓటు వేస్తే కొత్త చోటు ఆయన సర్వర్ మీదికి పోతుంది. అరవై చోట్ల వాళ్లు పాస్‌వర్డులతో తంటాలు పడతారు, సగం మంది మానేస్తారు. చెడ్డ బేరం. అలాంటి బేరం ఆఫీసులో ఎవరైనా తెస్తే వాకిట్లోంచే తిప్పి పంపేది. కానీ ఒకవైపు రెండు నెలల తర్వాత వచ్చే నష్టం, ఇంకోవైపు ఎల్లుండి పొద్దున పదింటికి వచ్చే నష్టం. దగ్గరున్నదాన్ని ముందు ఆపాలి. ఎలా మొదలుపెట్టాలో కూడా కట్టుకుంది. మొదట గాదె గురించి పొగడ్త, తర్వాత సర్వర్, ఆ తర్వాత ఓటు, అన్నిటికన్నా ఆఖర్న, లేస్తూ లేస్తూ, ఆ అమ్మాయి మాట. తనకేం కావాలో ముందే చెప్పినవాడు రెట్టింపు ఇచ్చుకుంటాడు. పద్దెనిమిదేళ్లుగా అన్నం పెట్టిన సూత్రం అది.

తలుపు తీసింది ఆంజనేయప్రసాద్ భార్య శ్యామల. "రండి రండి. సమయానికొచ్చారు. ఈయనకి కాస్త బుద్ధి చెప్పండి."

లోపల సోఫాలో ఆంజనేయప్రసాద్ ఒళ్లో లాప్‌టాప్, పక్కన ఫోన్, ముందు చల్లారిపోయిన టీ. గడ్డం రెండు రోజులది.

"కూర్చోండి కృపాబాయి గారూ. ఓటు సంగతేనా?"

"ఓటుకేముందండీ, ఊరికే చూసిపోదామని. అసలు గాదె ఇంతదయిందంటే మీ..."

ఫోన్ టింగుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"శనివారం సాయంత్రం నుంచీ ఇదే," అంది శ్యామల పకోడీల పళ్లెం బల్ల మీద పెడుతూ. "దేవుడి దగ్గర దీపం పెడుతుంటే టింగు. భోజనాల దగ్గర టింగు. నిన్న బాత్రూమ్‌లోకి కూడా పట్టుకెళ్లారు."

"కొత్తదాన్ని అందరినీ వాడి చూడమన్నారు కదా మీ అమ్మాయి," అన్నాడు ఆంజనేయప్రసాద్. "వాడుతున్నారు. ఇష్యూ ఎవరి పేరు మీద ఉంటే దాని మీద ఎవరేం అడిగినా వాళ్లకే వస్తుందట. నాలుగు వందల పన్నెండూ నావే కదా. ఇదిగో చూడండి, నూట నలభై మూడు మెయిల్స్." ఫోన్ ఆవిడవైపు తిప్పి చదివాడు. "రెజైనా నుంచి ఎవరో. డియర్ ప్రసాద్, పాలపొడి డబ్బాల మీద తేదీల్లో నెల ముందో రోజు ముందో తెలియడం లేదని రాశారు. మూడు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఫొటో తీశారు కదా, మూడో డబ్బా ఏ దేశంది? నాకేం తెలుసండీ? నేనెప్పుడు డబ్బాలు పక్కపక్కన పెట్టాను?"

"ఈయనకి ఇంట్లో పాలపొడి ఎక్కడుందో కూడా తెలీదు," అంది శ్యామల.

"నువ్వుండు. ఇంకోటి చూడండి, సస్కటూన్ నుంచి సూర్యకుమారి గారు. బియ్యం సంచి విప్పితే లెక్క రెండింతలవుతోందని ఎంత చక్కగా రాశారు సార్, దానికి మీరు వాడిన చిట్కా కొంచెం ఫోన్లో చెప్తారా అని. పొద్దున్న ఫోన్ కూడా చేసింది. డ్రైవింగ్‌లో ఉన్నానని చెప్పి పెట్టేశా. అప్పుడు నేను ఇదే సోఫాలో ఉన్నా."

కృపాబాయి పకోడీ తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు.

ఆంజనేయప్రసాద్ గొంతు తగ్గించాడు. "కృపాబాయి గారూ, మీ అమ్మాయిని అడిగి ఈ పేర్లు తీయించే దారేదైనా ఉందేమో చూస్తారా? నేనే అడగొచ్చు. కానీ శనివారం అందరి ముందూ దండ వేయించుకున్నవాడిలా కూర్చున్నాను. ఇప్పుడెళ్లి ఇవి నావి కావు అంటే..."

దారంతా కట్టుకొచ్చిన బేరం కృపాబాయి నోట్లోనే కరిగిపోయింది. తను ఓటిచ్చి కొనుక్కుపోదామని వచ్చిన సరుకుని ఈ మనిషి ఎవరైనా మోసుకుపోతే బాగుండునని వాకిట్లో పెట్టుకుని చూస్తున్నాడు. గుండెల మీంచి బియ్యం సంచి దింపినట్టయింది. అయినా మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. అలవాటు. నింపాదిగా పకోడీ కొరికింది.

"కష్టమేనండీ," అంది. "పేరున్న మనిషి రాసివ్వాలట. రూలు."

"ఏం రాయాలో చెప్పండి, ఇప్పుడే రాస్తా." ఆయన అప్పటికే లాప్‌టాప్ ముందుకి లాక్కున్నాడు.

ఆవిడ చెప్పింది, ఆయన టైప్ చేశాడు. రెండు వాక్యాలు. పంపాడు. కృపాబాయి ఫోన్‌కి నకలు వచ్చింది. పని అయిపోయింది. లేచి చెప్పులు వేసుకోవడమే తరువాయి.

"ఒక్కటి అర్థం కాలేదు," అన్నాడు ఆంజనేయప్రసాద్. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు, తుడవలేదు. "జవాబులివ్వాలి కదాని రెండ్రోజులుగా అన్నీ చదువుతున్నా. ఆ ధరణి రాసింది చదివితే డబ్బా కంటిముందు కనపడుతుందండీ. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా కింద అలా రాసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మరి ప్రతిదానికీ పైన నా సూచన అని ఎందుకు పెట్టింది? ఎప్పుడో ఏదో చెప్పి ఉంటాను, మర్చిపోయాను అని చాలా ఆలోచించా. ఆ అమ్మాయికి నేర్పింది నేనేనేమో అని కొంచెం..." మాట పూర్తిచేయలేదు.

ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. కొనాల్సింది కొన్నది, చేతినుంచి ఒక్క పైసా పోలేదు. కృపాబాయి చేతికంటిన నూనె కాగితానికి తుడుచుకుంది. ఒక్కో వేలే తుడుచుకుంది.

"మీరేం చెప్పలేదు ప్రసాద్ గారూ. ఆ మాట పెట్టమన్నది నేను. మొదట్లో ఆ పిల్ల రాసింది ఎవరూ చూడ్డంలేదని, మీ పేరుంటే కదులుతారని నేనే చెప్పా. ఆ పిల్ల నా మాట కాదనలేక పెట్టింది. మీకూ చెప్పలేదు, అడగలేదు."

శ్యామల వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"అంటే మీరు నా ముద్ర కొట్టి పంపారన్నమాట," అన్నాడాయన.

"అవునండీ."

"నాలుగు వందల సార్లు."

"నాలుగు వందల పన్నెండు."

ఆయన లాప్‌టాప్ మూత మూసేశాడు. ఫోన్ మళ్లీ టింగుమంది. ఈసారి ఉలిక్కిపడలేదు. తీసుకుని, ఆ మెయిల్‌ని ధరణికి పంపేశాడు. ఇంకోటి పంపాడు.

"ఆ నాలుగు వందల పన్నెండులో ఆరు మాత్రం నావే ఉంటాయి," అన్నాడు. "డేటాబేస్ బ్యాకప్ గురించి. అవి తీయకండి."

"తీయం."

"మరి ఓటు?"

"మీ సర్వర్‌కి కాదండీ. ఈమెయిల్ దానికే. మావాళ్లకి పాస్‌వర్డులు గుర్తుండవు."

"తెలుసు. గెలిస్తే ఆదివారాలు దాని ముందు కూర్చోవాల్సింది కూడా నేనే," అన్నాడు, కాళ్లు చాపుకుంటూ.

"ఈయన ఓడిపోతే నేను కొబ్బరికాయ కొడతా," అంది శ్యామల. "టీ చల్లారిపోయింది, మళ్లీ పెడతా. కూర్చోండి."

తిరుగుదారిలో కృపాబాయి 407 ఎక్కలేదు. తొందరేముంది.

*

బుధవారం సాయంత్రం కృపాబాయి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు లాప్‌టాపులు. ఒకదాని ముందు గ్లోరియా, ఒకదాని ముందు ధరణి. ఈసారి కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల ముందున్న జాబితాలో నాలుగు వందల పన్నెండు వరసలు. ఎదురుగా ఒక్కొక్కదానికీ పేరు వేస్తోంది.

కృపాబాయి అన్నం వడ్డిద్దామని వచ్చి వెనక నిలబడింది. "సూర్యకుమారి అని వేస్తున్నావేంటి?"

"అది ఆవిడ వాయిస్ మెసేజ్‌లో చెప్పింది చెప్పినట్టు రాశా ఆంటీ. నేను చూసింది లేదు."

"రాసింది నువ్వేగా?"

"రాయడం వేరు, కనిపెట్టడం వేరు."

"ఎవరడిగారే ఇప్పుడు? పెద్దాయన తనంతట తానే రాసిచ్చాడు. అన్నీ నీ పేరు వేసేసుకో. రేపటి ఇంటర్‌వ్యూలో నాలుగు వందలంటే ఎంత బరువు, మూడొందలంటే ఎంత?"

ధరణి తలెత్తలేదు. "రేపు వాళ్లు వేలుపెట్టి ఏదో ఒకటి చూపించి ఇది చెప్పమంటారు. ఆ ఒక్కటీ నాది కాకపోతే మిగతావన్నీ పోయినట్టే కదా ఆంటీ."

గ్లోరియా హెడ్‌ఫోన్ తీసి తల్లివైపు చూసింది. "షీ హాజ్ ఎ పాయింట్, మామ్."

కృపాబాయికి నిన్న సోఫాలో ఉలిక్కిపడిన మనిషి గుర్తొచ్చాడు. వెళ్లి పప్పు వేడిచేసి, ముగ్గురికీ వడ్డించింది. తింటూనే ధరణి ఎడమచేత్తో మౌస్ కదిలిస్తోంది. ఎనిమిదింటికి లెక్క తేలింది. సూర్యకుమారికి ముప్పై ఒకటి, మిగతా చోట్లవాళ్లకి నలభై ఎనిమిది, ఆంజనేయప్రసాద్‌కి ఆరు, ధరణికి మూడు వందల ఇరవై ఏడు. గ్లోరియా స్క్రిప్ట్ మళ్లీ నడిపింది. పేర్లు ఒక్కొక్కటే వచ్చి వరసలో కూర్చున్నాయి.

ఎనిమిదిన్నరకి ఓటింగు. ముగ్గురూ ఈమెయిల్ పద్ధతికే వేశారు. ఆంజనేయప్రసాద్ అందరి ముందూ, "శనివారం మీరు కొట్టిన చప్పట్లు తప్పు అడ్రసుకి వచ్చాయి, ఫార్వర్డ్ చేస్తున్నా," అని ధరణి పేరు చెప్పాడు. చప్పట్ల బొమ్మలు మళ్లీ లేచాయి. ధరణి కెమెరా ఆన్ చేయలేదు. టేబుల్ అంచు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. రిఫరెన్స్ లెటర్ తొమ్మిదింటికి వచ్చింది. అందులో సూచన అన్న మాట ఎక్కడా లేదు. ఈమె దగ్గర నేను రెండు రోజుల్లో నేర్చుకున్నది అని ఒక పేరా ఉంది.

ఇంటర్‌వ్యూలో వాళ్లు నిజంగానే ఒకటి వేలుపెట్టి చూపించారు. తేదీల ఇష్యూ. మూడో డబ్బా ఏ దేశందని అడిగారు. ధరణి చెప్పింది. అక్కణ్ణుంచి ముప్పావుగంట దాని మీదే మాట్లాడారట. శుక్రవారం సాయంత్రం ఆఫర్ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, చెప్పకుండా ఏడ్చింది. కృపాబాయి ఆ ఏడుపు రకాన్ని బట్టి ఉద్యోగం వచ్చిందని తెలుసుకుని స్టవ్ కట్టేసి, కుర్చీలో కూర్చుని పూర్తిగా విన్నది.

శనివారం. వరస మళ్లీ పార్కింగ్ మలుపు తిరిగింది. పదకొండింటికి కృపాబాయి గాదె తెరిచి చూస్తే పీనట్ బటర్ సున్నా అని ఉంది. తలెత్తి చూస్తే అరలో రెండు పెట్టెలు నిండుగా ఉన్నాయి. కొత్త పద్ధతిని తను కూడా వాడి చూడాలి కదా. ఫొటో తీసింది, ఎదురుగా సున్నాని కూడా ఫొటో తీసింది, రెండూ పెట్టి రెండు వాక్యాల ఈమెయిల్ పంపింది. ఇష్యూ అయింది. ముచ్చటేసింది.

పది నిమిషాలకి ఫోన్ మోగింది. సమాధానం. 'ఇది గాదెలో లోపం కాదు. ఈ రెండు పెట్టెలు గురువారం వచ్చాయి, స్కాన్ చేయకుండానే అరలో పెట్టారు. సరుకు లోపలికి తీసుకున్న కాగితం మీద సంతకం కె.బి. అని ఉంది. స్కాన్ చేస్తే సరిపోతుంది. ఇష్యూ మూసేస్తున్నాను.' కింద ధరణి పేరు, ఒంటిగా.

కృపాబాయి తల తిప్పి చూసింది. ఆ పిల్ల పదడుగుల దూరంలో, పక్క బల్ల దగ్గరే ఉంది.

"ఏమ్మా, ఇక్కడే చచ్చానుగా. నోటితో చెప్పకూడదూ?"

"రాసి ఉండాలి కదా ఆంటీ," అంది ధరణి స్కానర్ దించకుండా. "రేపు నేను సస్కటూన్ వెళ్లిపోయాక ఇంకెవరికైనా ఇలాగే అయితే చదువుకుంటారు."

"సంతకం సంగతి కూడా రాయాలా?"

"మీరే అన్నారుగా ఆంటీ, ఎక్కడ, ఎంత, ఎందుకు అని ఉండాలని."

ఆ పిల్ల కృపాబాయి తప్పు ఎత్తి చూపడం ఇదే మొదటిసారి. పైగా అరవై ఊళ్లు చదివేచోట. పమిట కొంగు నడుముకి దోపుకుని, స్టూలు లాక్కుని ఎక్కి, రెండు పెట్టెలూ కిందికి దించింది. వరసలో ముందున్న కుర్రాళ్లు సాయం వస్తామన్నా వద్దంది. ఒక్కో సీసా తీసి స్కానర్ కింద పెట్టింది. ఇరవై నాలుగు సార్లు బీప్ మంది.